ఎత్తుకొచ్చిన మాట

హలో… హలో… ఆ, నేనే మాట్లాడుతున్నా. ఎవరండీ?

…ఆద్య… ఆ, అవును, ఆద్యనే. మీరెవరు?

…సైప్రస్ నుంచా? అక్కడ నాకెవరూ తెలీదే… మీకీ నంబర్ ఎవరిచ్చారు?

…సర్టిఫికెట్ మీదా? ఏ సర్టిఫికెట్?… ట్రాన్స్‌లేషన్ కాగితం. కింద 'ఆద్య' అని పేరుంది, పక్కన ఫోన్ నంబర్ ఉంది… నంబర్ ఒకసారి చదవండి… ఆ… ఆ… నాదే.

…ఏం లేదండీ. పేరొకళ్లది, నంబ—… ఏం లేదు, నాలో నేననుకుంటున్నా.

ఒక్క నిమిషం ఉండండి. మా ఆయన లోపల ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నారు, బాల్కనీలోకి వస్తున్నా… ఆ, ఇప్పుడు చెప్పండి. కాస్త త్వరగా, ఇక్కడ చలి చంపేస్తోంది.

…రెడ్డెమ్మ గారు. మదనపల్లె… మాది తెనాలి. అంటే, మా అమ్మావాళ్లది. నేను ఇక్కడే, న్యూజెర్సీ… అవునండీ, అమెరికానే.

…ఏ వీడియో?… మొహం మసక చేసి గొంతు మాత్రం వినిపించేది… ఆఁ, ఆ ఆడియో నాకొచ్చింది. రెండు నిమిషాల ముక్క. ముసలావిడ దగ్గర పనిచేశాననీ, ఆవిడకి తుంటి విరిగి ఆస్పత్రిలో వేశారనీ… ఆ గొంతు మీదా? ఇప్పుడు వింటుంటే తెలుస్తోంది.

…అరవకండి. నెమ్మదిగా చెప్పండి… ఏంటీ? నేను మిమ్మల్ని దొంగని చేశానా?

చూడండి రెడ్డెమ్మ గారు. మీరు తెలుగులో అన్నది ఇంగ్లీషులో రాయడం వరకే నా పని. దాన్ని వాళ్లు గ్రీకులోకి మార్చుకుంటారో, టీవీలో వేసుకుంటారో, నాకు చెప్పరు. మీరు ఏమన్నారో అదే రాశా. అక్షరం పొల్లుపోలేదు.

…అనలేదా? అన్నారండీ. 'ఇంట్లో నుంచి గొలుసు నేనే ఎత్తుకొచ్చినా' అన్నారు. ఒకటికి రెండుసార్లు విన్నా. పాపం, ఈవిడేంటి ఇలా టీవీవాళ్ల ముందు తన నోటితో తనే చెప్పేసుకుంటోందీ అని జాలిపడ్డా కూడా.

…ఆ, చూశారా. అన్నానని మీరే అంటున్నారు. మళ్లీ దొంగతనం చెయ్యలేదంటారు. రెండూ ఎలా కుదురుతాయి?

…ఏమీ అనుకోకండి, నాకు తెలుగు నేర్పకండి. డిగ్రీలో తెలుగు ఫస్టొచ్చినదాన్ని… అమెరికాలో డిగ్రీలో తెలుగుంటుందా అంటే… ఉంటుందిలెండి కొన్నిచోట్ల. అది వదిలేయండి ఇప్పుడు.

…సరే. సరే. ఏడవకండి. అసలేమైందో మొదట్నుంచి చెప్పండి. వింటున్నా.

…టీవీలో చర్చ. కాగితాల్లేకుండా ఆ దేశంలో ఉంటున్నవాళ్ల గురించి… ఊఁ… నలుగురు కూర్చున్నారు. ఒకాయన ఓడెక్కించి అందర్నీ పంపెయ్యాలన్నాడు… చిన్న ద్వీపం, మాకే చోటు లేదన్నాడు… ఇంకొకావిడ, పంపేస్తే రేపు మీ అమ్మకి స్నానం ఎవరు చేయిస్తారని అడిగింది. బాగా అడిగింది… అప్పుడు వేశారా మీ వీడియో.

…కింద అక్షరాలు పడ్డాయి… ఆ మొదటాయన నవ్వాడు… ఏమన్నాడు?… 'స్నానం చేయించేటప్పుడే గొలుసు తీస్తారు' అన్నాడా. ఛ.

…ఆ ముక్క ఒక్కటే కోసి అందరి ఫోన్లలోకీ పంపారు… ఆ ముసలావిడ కొడుకు విన్నాడు. మసక చేసినా గొంతు గుర్తుపట్టాడు. నాలుగేళ్లు వాళ్లింట్లోనే ఉన్నారుగా, గుర్తుపట్టడా మరి… పోలీసు కంప్లయింటా.

…ఆవిడేమంటోంది? ముసలావిడ?… పోయారా. అయ్యో… గొలుసు?… ఆవిడ ఆస్పత్రిలో ఉండగానే ఎక్కడో పోయింది. ఎవరు తీశారో ఎవరికీ తెలీదు. అప్పట్లో ఎవరూ అడగలేదు. ఇప్పుడు మీరే ఒప్పుకున్నట్టు టీవీలో వచ్చింది కాబట్టి…

…అర్థమైంది. అర్థమైంది రెడ్డెమ్మ గారు. మీ కష్టం కష్టమే. కానీ ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోకండి. మీకు కాగితాలు ఎందుకు లేవు?… ఆవిడ పేరు మీదే పర్మిట్. ఆవిడతోనే పోయింది… వేరే ఇంట్లో పనికి చేరాలంటే కొడుకు కాగితమివ్వాలి, ఇవ్వలేదు… మరి అప్పుడే వచ్చేయాల్సింది కదండీ మన దేశానికి.

…ఉన్నమాటే కదా నేనన్నది. ఇక్కడా రోజూ ఇదే గొడవ. మొన్న మా ప్లెయిన్స్‌బరోలో ఫ్రెండ్స్ ఇంట్లో పాట్‌లక్… అంటే, తలా ఒక వంట చేసుకొచ్చి కలిసి తింటాం. గుత్తొంకాయ ముందు పెట్టుకుని అందరూ ఇదే టాపిక్. లైన్లో నిలబడి వచ్చిన మనమెక్కడ, గోడ దూకి వచ్చినవాళ్లెక్కడా అని. నేనూ అన్నా. నేనే గట్టిగా అన్నా. రూలంటే రూలే కదండీ, ఎవరికైనా.

…మీరు గోడ దూకలేదు. విమానంలోనే వచ్చారు. వచ్చినప్పుడు అన్నీ ఉన్నాయి. సరే… ఊఁ… సరేనండీ, ఒప్పుకున్నా.

…హలో? గొంతు తెగిపోతోంది… ఫోన్‌లో ఛార్జింగ్ లేదా? సరే, పెట్టుకుని రండి—

…ఏమన్నారు?

…ఇప్పుడు. ఇప్పుడేదో అన్నారు. మళ్లీ అనండి… కాదు, ఛార్జర్ గురించి.

…'లోపలికి పోయి ఛార్జర్ ఎత్తుకొస్తా.'

…ఎవరి ఛార్జర్ అది?… మీదే. మీ సంచీలోదే. మీ ఛార్జర్‌ని మీరు ఎత్తుకొస్తారా?… ఏం లేదు. ఏం లేదండీ. వెళ్లండి. నేను లైన్లోనే ఉంటా. కట్ చెయ్యకండి.

ఎత్తుకొస్తా… ఎత్తుకొచ్చినా… ఇంట్లో నుంచి గొలుసు నేనే ఎత్తుకొచ్చినా… అయ్యో, దేవుడా.

…వచ్చారా. రెడ్డెమ్మ గారు, ఒకటి అడుగుతా. మీ ఊళ్లో పిల్లల్ని మంచినీళ్లు తెమ్మనాలంటే ఏమంటారు?… ఊరికే చెప్పండి… 'నీళ్లు ఎత్తుకురా.' బియ్యం కావాలంటే?… 'అంగడికి పోయి బియ్యం ఎత్తుకురా.' డబ్బులిచ్చేనా?… ఆ, డబ్బులివ్వకుండా ఎవరిస్తారు, నిజమే.

…పిచ్చి ప్రశ్నలు కాదండీ. మా వైపు 'తీసుకురా' అంటాం. గోదావరివాళ్లు 'పట్టుకురా' అంటారు. 'ఎత్తుకొచ్చాడు' అంటే మా దగ్గర ఒకటే… కోడిని ఎత్తుకొచ్చాడు, గుళ్లో చెప్పులు ఎత్తుకొచ్చాడు. దొంగతనం. ఇంకో అర్థం లేదు… నిజమండీ. నా మీద ఒట్టు. మా ఇంటికొచ్చి ఎవరైనా 'మీ బిందె ఎత్తుకొచ్చా' అంటే మా అమ్మ చీపురు తీసుకుంటుంది.

…మీరు నవ్వుతున్నారా, ఏడుస్తున్నారా?

…చెప్పండి. ఇప్పుడు వింటా, సరిగ్గా వింటా. ఆ రోజు ఏం జరిగింది?… ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే ఆవిడ మొండికేసింది. మెడలో శిలువ గొలుసు లేకుండా లోపలికి పోనంది… కొడుక్కి ఫోన్ చేస్తే ఎత్తలేదు… మీరే బస్సెక్కి ఇంటికెళ్లి తెచ్చారు. వర్షంలో. ఆవిడ చేతికిచ్చారు… ఆవిడ ముద్దు పెట్టుకుంది. గొలుసుని… మిమ్మల్నీ.

ఇదంతా టీవీవాళ్లకి చెప్పారా?… చెప్పారు. నాకు పంపిన దాంట్లో ఇది లేదండీ. 'ఎత్తుకొచ్చినా' దగ్గర కోసేశారు. ముందు తుంటి విరగడం, తర్వాత గొలుసు, అంతే. అయినా నేను అడగాల్సింది. మిగతాది పంపమని ఒక్క మాట అడగాల్సింది. మదనపల్లె గొంతని వినగానే తెలిసింది కూడా నాకు. ఆ యాసకి నవ్వుకుంటూ టైప్ చేశాను, అర్థం ఏంటా అని మాత్రం ఆగలేదు.

…ఇంగ్లీషులోనా? 'ఇంట్లోంచి గొలుసు దొంగిలించాను' అని రాశా. అలాగే రాశానండీ. తప్పు నాది. ఇంగ్లీషు రాక కాదు, తెలుగు రాక చేశా.

…మీ అమ్మాయి విందా ఆ వీడియో? ఊళ్లో?… ఏమంది?… 'దీంట్లో ఏముందిమా, అవ్వకి గొలుసు ఎత్తుకొచ్చి ఇచ్చినావు, దానికి కేసేంది' అందా.

…ఊరందరికీ అర్థమైందన్నమాట. అర్థం కానిది నాకొక్కదానికే.

…అక్కా. అక్కా అని పిలవొచ్చా?… తిట్టండి. తిట్టడానికే ఫోన్ చేశారుగా, తిట్టండి ముందు.

…తిట్టను అంటే నాకింకా కష్టంగా ఉంది. సరే, ఏం చెయ్యాలో చెప్పండి. చేస్తా… లాయర్ పక్కనే ఉన్నాడా. మంచివాడేనా?… చర్చివాళ్లు పెట్టారు. తెలుగు రాదు కదా ఆయనకి?… ఎల్లుండి కోర్టు.

…ఊఁ… ఆ మాటకి అసలు అర్థం ఇదీ, నేను రాసింది తప్పూ అని రాసివ్వాలి. ఇస్తా. ఇవాళే రాస్తా. జిల్లాకో మాట ఎలా మారుతుందో నాలుగు పేజీలు రాస్తా కావాలంటే… కేసు కొట్టేస్తే?… ఒకావిడ వాళ్ల నాన్నని చూసుకోడానికి మిమ్మల్ని పెట్టుకుంటానంది. కాగితాలు కూడా ఆవిడే పెడుతుంది. అబ్బ, ఎంత మంచి మాట. కేసు నిలబడితే?… జైలు. ఆ తర్వాత విమానం.

రాస్తానక్కా. మీరు నిశ్చింతగా ఉండండి. మెయిల్ ఐడీ చెప్పమనండి ఆయన్ని.

…సంతకమా. ఆ, పెడతా… నోటరీ ముందు… పాస్‌పోర్ట్ కాపీ జతచెయ్యాలి… ఎవరి పాస్‌పోర్ట్?… ఆ. రాసినావిడది. ఆద్యది.

…కోర్టులో జడ్జి వీడియోలో పిలిచి అడిగితే ఆద్యే జవాబు చెప్పాలి…

…అక్కడే ఇంకెవరితోనైనా రాయించకూడదా? మన తెలుగువాళ్లు చాలామందే ఉంటారుగా… రాయించారు. హోటల్లో వంట చేసే అబ్బాయి రాసిచ్చాడు. టీవీవాళ్లేమన్నారు?… అమెరికా సర్టిఫికెట్ మా దగ్గరుంది, వంటవాడి మాట ఎందుకు నమ్మాలన్నారు. రాసిన మనిషే వచ్చి తప్పని చెబితే అప్పుడు ఆ వీడియో తొలగిస్తామన్నారు.

…ఆ… ఆలోచిస్తున్నా.

…అక్కా, ఫోన్ స్పీకర్లో లేదు కదా?… లాయర్‌కి నిజంగా ఒక్క ముక్క కూడా తెలుగు రాదు కదా?

నేను ఆద్యని కాదు.

…కాదక్కా. మీరు సరైన మనిషికే చేశారు. ఆ రాత రాసింది నేనే. పేరే నాది కాదు. నా పేరు ప్రణవి.

…ఆద్య అంటే కోటేశ్వరరావు అంకుల్ కూతురు. ఆయనకి ఇక్కడ ట్రాన్స్‌లేషన్ కంపెనీ ఉంది. ఆ పిల్ల ఇక్కడే పుట్టింది. దాని తెలుగు 'ఆంటీ, పప్పు బాగుంది' దాకా వచ్చి ఆగిపోతుంది. పని నేను చేస్తా, సంతకం ఆ పిల్ల చేస్తుంది. ఎవరైనా ఫోన్ చేసి తెలుగులో ఏమైనా అడిగితే దొరికిపోతుందని అంకుల్ నా నంబర్ వేసినట్టున్నాడు. నాకు చెప్పలేదు. మీరు ఆద్యా అనగానే ఈ పని గురించేననుకుని అవునన్నా. చూడండి, ఎంత తెలివో.

…నా పేరు ఎందుకు వెయ్యలేదంటే, నాకు పని పర్మిట్ లేదు, మా ఆయన గ్రీన్ కార్డ్ ఫైల్ ఇంకో మెట్టు కదిలితేగానీ ఇవ్వరు. నా వీసా మా ఆయన వీసాకి తోక. ఆయన పని చేసుకోవచ్చు. తోక ఊరికే వెనకాల వేలాడాలి, పని చెయ్యకూడదు… లీగల్‌గానే ఉన్నానక్కా. ఇంట్లో కూర్చుంటే లీగలు. రెండు వాక్యాలు రాసి ఎవరికైనా ఇస్తే కాదు.

…ఆ. రూలంటే రూలే అన్నది నేనే. గురివింద గింజ సామెత తెలుసుగా, దాని నలుపు దానికి తెలీదు. మీరు గుర్తుచెయ్యక్కర్లేదు, నేనే అనుకుంటున్నా.

…డబ్బుకి కాదక్కా. అంకుల్ ఇచ్చేది ఎంతని. ఇంట్లో పిచ్చెక్కిపోయింది. పొద్దున్నే ఆయన ల్యాప్‌టాప్ తెరుస్తాడు, నేను కుక్కర్ పెడతా. మళ్లీ కుక్కర్ పెడతా. పెళ్లికి ముందు గుంటూరులో కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని, అరవైమంది లేచి నిలబడేవాళ్లు. ఇక్కడ నా తెలుగుతో ఎవరికి పని? అంకుల్ అడిగినప్పుడు ఎంత సంబరపడ్డానో. ఇన్నాళ్లకి నేనూ ఎవరికో పనికొస్తున్నా అనుకున్నా. ఎలా పనికొచ్చానో చూశారుగా.

…నా పేరుతో సంతకం పెడితే? పని చేశానని నేనే రాసిచ్చినట్టు. అది కోర్టు కాగితం, ఎప్పటికీ ఉంటుంది. రేపు ఇక్కడ గ్రీన్ కార్డ్ ఆఫీసరు అడుగుతాడు, పర్మిట్ లేకుండా ఎప్పుడైనా పని చేశావా అని. ఏం చెప్పను? ఎనిమిదేళ్లుగా ఎదురు చూస్తున్నాం ఆ కార్డ్ కోసం. అసలే రోజులు బాగాలేవు. గుడికెళ్లినా అందరం పర్సులో వీసా కాపీ పెట్టుకుని వెళ్తున్నాం.

…ఆద్య పేరుతో పెడితే దొంగ సాక్ష్యం. జడ్జి ఒక్క తెలుగు మాట అడిగితే ఆ పిల్ల నోరు తెరుస్తుంది, అంతే. అప్పుడు మీ కేసూ పోతుంది, ఆ పిల్లా పోతుంది. దానికేం తెలుసు పాపం, నాన్న పెట్టమన్నచోట పెట్టింది.

…అంకుల్‌ని అడిగితే ఏమంటాడో నాకు ఇక్కడే వినిపిస్తోంది. 'మనకెందుకమ్మా, ఎవరో పనిమనిషి. రెండ్రోజులు ఫోన్ ఎత్తకు' అంటాడు. నిన్నటిదాకా నేనూ అదే అనేదాన్నేమో.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే. అలా ఉందక్కా. ఎటు కాలు పెట్టినా ఎవరో ఒకరు పడతారు.

…ఏంటి?

…'అట్లయితే నువ్వు గూడా నా మాదిరేనా పాపా' అంటే… ఏం చెప్పనక్కా. బాల్కనీ ఉంది, హీటర్ ఉంది, కింద కార్ ఉంది. అయినా… ఊఁ. మీ మాదిరే.

…మా ఆయనకా? అంకుల్‌కి ఊరికే సాయం చేస్తున్నా అనుకుంటున్నాడు. నిశాంత్ అని, చాలా భయస్థుడు. స్పీడ్ లిమిట్ కంటే ఒక్క మైలు ఎక్కువ పోడు. ఆయన పేరు పక్కనే నా పేరుంది ఫైల్లో. నేను మునిగితే ఆయన కాళ్లు కూడా తడుస్తాయి.

…లేరక్కా, పిల్లలు లేరు. కార్డ్ వచ్చాక అనుకున్నాం… అన్నీ కార్డ్ వచ్చాకే.

…వద్దా? ఏం వద్దు?… అలా అనకండి. మీ కూతురంత దాన్నయితే మాత్రం… మీ కూతురైతే ఇలా రాసేదే కాదుగా.

…ఆగండి. ఏం చేస్తున్నారు? ఎవరితో మాట్లాడుతున్నారు?

…నాకు వినపడుతోందక్కా. 'సార్, రాంగ్ నంబర్. దిస్ గర్ల్ నో. దిస్ గర్ల్ నాట్ నో తెలుగు.'

అక్కా. ఎందుకలా చెప్పారు ఆయనతో?… ఏంటి మీకేం కాదు? ఇప్పుడేగా జైలన్నారు… 'నాదెట్లయినా పొయ్యేదే, నీది నిలబడనీ' అంటే… ఏం మాటక్కా అది. ఎట్లయినా పోయేదైతే అమెరికాకి ఎందుకు ఫోన్ చేశారు? వానలో బస్సెక్కి ఆవిడకి గొలుసు తెచ్చిచ్చి, దొంగన్న పేరు మోసుకుంటూ మదనపల్లెలో దిగుతారా?

…పెట్టెయ్యమంటున్నారు. పెట్టెయ్యొచ్చు. పెట్టేస్తే ఎవరికీ తెలీదు. మీరు చెప్పరు, నేను చెప్పను. లోపలికెళ్లి కుక్కర్ పెట్టుకుంటా. శనివారం మళ్లీ పాట్‌లక్ ఉంది, ఈసారి పులిహోర నాది.

…పెట్టలేకపోతున్నానక్కా. చెయ్యి రావట్లేదు.

…లాయర్ వెళ్లిపోతున్నాడా? ఆపండి. ఫోన్ ఆయనకివ్వండి… ఇవ్వండక్కా… నాకు భయంగానే ఉంది. అయినా ఇవ్వండి. మీరు వద్దంటే నేనే నంబర్ వెతుక్కుని చేస్తా, ఆయనకి ఇంకో పని.

…హలో. యెస్ సర్… నో సర్, నాట్ రాంగ్ నంబర్… యెస్, ఐ నో తెలుగు. ఐ డిడ్ ద ట్రాన్స్‌లేషన్. ఇట్ వాస్ మై మిస్టేక్… నో, నాట్ ఆద్య. ప్లీజ్ డోంట్ కాల్ ఆద్య. మై నేమ్ ఈజ్ ప్రణవి… యెస్. మై ఓన్ పాస్‌పోర్ట్… టుడే, సర్. దేర్ ఈజ్ ఎ నోటరీ ఇన్ మై బ్యాంక్…

…వాట్ వీసా?… డిపెండెంట్… యెస్ సర్. ఐ నో. ఐ నో వాట్ ఇట్ మీన్స్ ఫర్ మీ… నో, నోబడీ ఫోర్స్‌డ్ మీ… థాంక్యూ. ప్లీజ్ గివ్ ద ఫోన్ టు హర్.

…అక్కా… చెప్పేశా.

…పిచ్చిదాన్నే. తిట్టండి, ఇప్పుడైనా తిట్టారు, హాయిగా ఉంది… లేదు, హాయిగా ఏం లేదు. ఏమవుతుందో నాకూ తెలీదు. ఇక్కడ ఒక లాయర్‌ని చూసుకోవాలేమో. ఒకవేళ పంపించేస్తే తెనాలి వచ్చేస్తాం. అప్పుడు మదనపల్లెకి బస్సెక్కి వస్తా, మీరుంటే. లేకపోతే మీ అమ్మాయినైనా చూసి వస్తా.

…ఏడవకండి. రేపు పొద్దున్నకల్లా కాగితం మీ లాయర్ దగ్గరుంటుంది. ఎల్లుండి జడ్జి పిలిస్తే ఎత్తుతా. ఏ టైమైనా ఎత్తుతా.

…ఆయనకింకా తెలీదన్నాగా. ఇప్పుడు చెప్పాలి. కోర్టు కాదు, ఆఫీసరు కాదు, అదే నాకు పెద్ద భయం. అన్నీ లెక్కగా చేసుకొచ్చిన మనిషి. ఒక్క తప్పు కూడా చెయ్యలేదక్కా ఆయన ఇన్నేళ్లలో.

…మీటింగ్ అయిపోయినట్టుంది. కుర్చీ జరిపాడు… అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. ఇంత చలిలో బయటేంటి అని చేత్తో అడుగుతున్నాడు… నవ్వుతున్నాడు.

…తలుపు తీస్తున్నాడక్కా. పెట్టేస్తున్నా.